కళ్ళద్దాలు తుడిస్తే కాఫీ

ఇది మహాకావ్యం. ఇందులో కొండ ఉంది, కొండ మీద కోట ఉంది, రెండు భాషల మధ్య నలిగిన నగరం ఉంది. దూరదేశం నుంచి అధికారం చేతబట్టుకుని దిగిన ప్రభువున్నాడు. ఆయన ఎదుట ఒంటరిగా లేచి నిలబడిన వీరుడున్నాడు. ఆ వీరుడి చేతిలో తళతళ మెరిసే ఆయుధం కూడా ఉంది.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే భయమేసింది. నిజం చెప్పేస్తాను. ప్రభువంటే విద్యాశాఖ అధికారి. వీరుడంటే హైస్కూలు తెలుగు అయ్యవారు. ఆయుధం కళ్ళద్దాలు. యుద్ధం జరిగింది బళ్ళారి కౌల్ బజార్‌లో ఒక హోటలు మేడ మీద, టిఫిన్ల వేళ. మిరపకాయ బజ్జీ ఘాటుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు తప్ప క్షతగాత్రులు లేరు.

ఆ అయ్యవారు గుర్తుకు రావడానికి కారణం కూడా గొప్పదేమీ కాదు. పోయిన నెల హొసపేటలో ఏదో సభకు వెళ్ళాను. వేదిక మీద ఒకాయన దేశ భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నాడు. ముందు వరసలో ఎవరో పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి ఉత్తరీయం అంచుతో తుడుచుకున్నాడు. నేను చటుక్కున తలుపు వైపు చూశాను. కాఫీ రాలేదు. ఉపన్యాసమూ ఆగలేదు. హొసపేటలో అద్దాలు తుడిస్తే అద్దాలు శుభ్రపడతాయి, అంతే. బళ్ళారిలో మా మేష్ట్రు తుడిస్తే సభ ముగిసేది.

మేష్ట్రు అనే ఆయన్ని అందరూ పిలిచేవాళ్ళు, కన్నడం వాళ్ళూ, తెలుగువాళ్ళూ. ఇంటిపేరూ పుట్టిన ఊరూ నాకు తెలుసు గాని, అవి చెబితే ఆయన గురించి చెప్పినట్టు కాదు. కోటు గురించి చెబుతాను. అది నల్లకోటని ఆయన అనేవాడు, మాకు బూడిదరంగులో కనపడేది. జేబు నిండా చాక్‌పీసు ముక్కలు. అదే జేబులో వక్కపొడి పొట్లం. ఎదురుపడిన ప్రతివాడికీ చిటికెడు పెట్టేవాడు. వద్దంటే నొచ్చుకుంటాడని అందరం నోట్లో వేసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో బళ్ళారి పెద్దమనుషులందరి కడుపుల్లోనూ కాస్తో కూస్తో సుద్ద ఉండేది.

ఏ వార్త చెప్పినా ఆయన జవాబు ఒకటే: "కానీప్పా." పెళ్ళి కుదిరిందన్నా కానీప్పా, కేసు పోయిందన్నా కానీప్పా. జిల్లాను మైసూరు రాష్ట్రంలో కలిపేశారని రేడియోలో చెప్పిన రోజున కూడా, ఊరంతా అరుగుల మీద గొంతులు చించుకుంటుంటే, ఆయన "కానీప్పా" అని బడికి వెళ్ళి గంట కొట్టించాడట. ఇది నేను చూడలేదు, విన్నాను. చూసినవాళ్ళు కూడా ఇంత నమ్మకంగా చెప్పేవాళ్ళు కాదు.

ఇక క్లబ్బు. నేనప్పుడు మా ప్లీడరుగారి దగ్గర జూనియర్ని. జూనియరంటే సీనియరు ఫైళ్ళూ, గొడుగూ, అభిప్రాయాలూ మోసేవాడు. ఆయన క్లబ్బు సభ్యుడు, నేను ఆయన వెనక కుర్చీ. అది సంఘసేవ చేసే క్లబ్బు. ఎండాకాలం బజారులో మంచినీళ్ళ కుండలు పెట్టించేవాళ్ళు, బీదపిల్లలకు పలకలు పంచేవాళ్ళు. ఆదివారం పొద్దున మాత్రం సేవంతా హోటలు భట్టరు మాకే చేసేవాడు. ముందు ఉగ్గాని, బజ్జీ, ఇడ్లీ. తరవాత ఒక అతిథి ఉపన్యాసం. చివర కాఫీ. తాగి ఎవరి దుకాణానికి వాళ్ళు వెళ్ళిపోవడం.

ఉపన్యాసం ఇంగ్లీషులో. సభ్యుల్లో సగంమంది కన్నడమే ఉండాలనీ, సగంమంది తెలుగే ఉండాలనీ పట్టుబట్టి, ఒక వేసవి అంతా పోట్లాడుకుని, చివరికి ఇంగ్లీషు దగ్గర రాజీపడ్డారు. అది ఇద్దరికీ సమానంగా రాదు.

మొదట్లో ఉపన్యాసం ఆపడానికి బల్ల మీద గంట ఉండేదట. ఒకసారి రిటైరైన జడ్జిగారొకరు అతిథిగా వచ్చి, గంట మోగగానే ఎర్రబడి, "జీవితమంతా నేను గంట కొట్టి జనాన్ని బయటికి పంపించాను" అని కాఫీ తాగకుండా దిగిపోయారు. ఆ తరవాత గంట తీసేశారు. వరసగా కొన్ని ఆదివారాలు ఉపన్యాసాలు మధ్యాహ్నం దాకా సాగి, సభ్యుల ఇళ్ళల్లో గొడవలయ్యాయి.

అప్పుడు భట్టరు ఒక సంగతి కనిపెట్టాడు. మేష్ట్రు గోడవైపు కుర్చీలో కూర్చుని శ్రద్ధగా వింటాడు. ఉపన్యాసంలో సరుకు అయిపోయిన క్షణంలో, తెలియకుండానే, కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెడతాడు. బడిలో కూడా పిల్లవాడు పద్యం మరిచిపోయి గొణుగుతుంటే ఆయన చేసే పని అదే. భట్టరు ఒక ఆదివారం అది చూసి కాఫీలు పంపించాడు. లోటాలూ గిన్నెలూ గలగలమంటూ వస్తే ఎంతటి వక్తైనా ఏం చేస్తాడు? ఆగాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తరవాతి వారమూ అదే జరిగింది. ఆ పై వారమూ అదే. ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ ఆయన్ని నియమించలేదు. మెల్లగా అది పద్ధతైపోయింది. కాఫీ వచ్చాక ఎవరూ మాట్లాడకూడదు. అధ్యక్షుడు, పత్తి జిన్నింగు మిల్లు సావుకారు, ప్రతి అతిథికీ మెట్ల మీదే చెప్పేసేవాడు: "మీరు మాట్లాడ్తానే ఉండండి సార్. కాఫీ వస్తే నిలిపేయండి. అది మా పద్ధతి."

మేష్ట్రు తీర్పులో పక్షపాతం ఉండేది కాదు. ఒకసారి ఒక స్వామివారు మౌనం గొప్పదనం గురించి మాట్లాడటానికి వచ్చారు. ఆయనకు ఉగ్గాని అరగకముందే కాఫీ వచ్చేసింది. ఇంకోసారి యశ్వంతనగర్ గనుల్లో పనిచేసే ఫోర్మన్ వచ్చాడు. చొక్కా కాలరు లోపలిదాకా ఎర్రమట్టి. ఇంగ్లీషు సరిగా రాదు, చేతులతో చెప్పాడు, రాయిని చూసి లోపల ఇనుమెంతుందో ఎట్లా అంచనా కడతారో. భట్టరు తలుపు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు నొప్పులని కింద కూర్చున్నాడు. మేష్ట్రు చెయ్యి అద్దాల దగ్గరికి పోలేదు.

నేనొకసారి అడిగాను. "అదెట్ల తెలుస్తుంది మేష్ట్రే, ఆయప్పకు విషయం ఐపోయిందని?"

"మనిషి మొగం చూసి మాట్లాడ్తాంటే ఇంగా ఉండాదని. పైకప్పు తట్టు చూసినాడంటే ఎతుక్కుంటాండాడు. నేల తట్టు చూసినాడంటే దొరకలేదు."

"'చివరిగా ఒక మాట' అన్నాడంటే?"

"ఇంగా శానా మాటలుండాయని. విషయం ముందే పోతుందప్పా. మాట ఒకటే దారి తెలీక ఆడాడ తిరుగుతాంటుంది. వక్కపొడి యేస్కో."

వేసుకున్నాను.

ఒక ఆదివారం ఆయన బజ్జీ ముట్టలేదు. ఇది మామూలు విషయం కాదు. ఆయన బజ్జీని తొడిమతో సహా తినేవాడు.

"ఏంది మేష్ట్రే, బజ్జీ మీద అలిగినావా?" అన్నాడు మా ప్లీడరు.

"తెలుగు సెక్షను ఎత్తేస్తారంటప్పా."

"ఎవురు చెప్పిరి?"

"వచ్చే నెల ఇన్‌స్పెక్షనుకు ఆఫీసరు వస్తాండాడు. హాజరు చూస్తాడంట. పిల్లోల్లు తక్కువుంటే మూసేస్తారంట. మా హెడ్‌మాస్టరే చెప్పినాడు."

"మూస్తే నువ్వు యాడికి?"

"నాకు అన్నం పెట్టకుండా పోరులే. ఏదో ఒక తాలూకాఫీసులో కూచోబెడ్తారంట, టపాలు చూసేదానికి." వక్కపొడి పొట్లం విప్పుతూ, "జల్మమంతా పద్యాలు చెప్పినోన్ని. టపాలకు రాగముండదు కదప్పా" అన్నాడు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బహుశా నేనే.

సావుకారు ప్లేటు పక్కన పెట్టాడు. ఆయన ఇంట్లో కన్నడం మాట్లాడతాడు, కాని ఆయన కొడుకులిద్దరూ మేష్ట్రు దగ్గరే చదివారు. "దానికేమంట. ఆయప్పను మన క్లబ్బుకు గెస్టుగా పిలుద్దాం. ఆదివారం టిఫను, సోమవారం ఇన్‌స్పెక్షను. నడుమ అరిగేదానికి ఒక రాత్రి."

"మాట్లాడినాంక, ఎవరన్నా ఏమన్నా అడగొచ్చు అంటాడు" అన్నాడు ప్లీడరు. "అప్పుడు నువ్వు లేచి అడుగు మేష్ట్రే. మేమడిగితే అది రాజకీయమైతుంది. నువ్వడిగితే చదువైతుంది."

"నేనా?"

"నువ్వే. ఇంగొకటి. ఆ దినం మాత్రం అద్దాలు ముట్టొద్దు. ఆయప్ప ఎంతసేపు మాట్లాడ్తే అంతసేపు. ఆఫీసర్ని కాఫీతో నోరు మూయిస్తే మన పని ఐనట్లే."

"అద్దాలు మసకైతే?"

"మసగ్గానే చూడు."

ఆ నెలంతా మేష్ట్రు సాయంత్రం పూట మా ప్లీడరు అరుగు మీద ఇంగ్లీషులో తన విన్నపం వల్లెవేసేవాడు. ప్లీడరు న్యాయశాస్త్రం కలిపేవాడు, మేష్ట్రు తీసేసేవాడు. చివరికి నాలుగు వాక్యాలు తేలాయి. పిల్లలున్నారు, దూరం నుంచి వస్తున్నారు, ఈ సెక్షను పోతే వాళ్ళకు ఇంకోటి లేదు, దయచేసి ఉంచండి. అంతే. నేను విని బాగుందన్నాను. "కానీప్పా" అన్నాడు, మళ్ళీ మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఆఫీసరు కూడా వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడదాకా గుండీలేసిన కోటుతో, మైసూరు చల్లదనంలో కుట్టించిన కోటును బళ్ళారి ఎండలోకి తెచ్చిన పాపానికి అప్పటికే తడిసిపోయి ఉన్నాడు. సావుకారు ఎదురెళ్ళి దండ వేశాడు. మెట్లెక్కుతూ, అలవాటు చొప్పున, ఎప్పటి పాఠమే అప్పజెప్పాడు: మాట్లాడ్తానే ఉండండి సార్, కాఫీ వస్తే నిలిపేయండి. ఆఫీసరు మర్యాదగా తలూపాడు.

పైన గోడవైపు కుర్చీలో మేష్ట్రు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, అద్దాలు ముట్టకుండా.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను బజ్జీ తింటున్నాను.

ఆఫీసరు క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. మామూలుగా కాఫీ రావలసిన వేళకు ముగింపు మాటలు కూడా చెప్పేసి, తలుపు వైపు చూశాడు. కాఫీ లేదు. సభవైపు చూశాడు. మేమంతా ఆసక్తిగా చూస్తున్నాం. ఆయన మంచినీళ్ళు తాగి ఆటస్థలాల గురించి మొదలుపెట్టాడు. ఆటస్థలాల నుంచి బడి బావికి, బావి నుంచి పిల్లల గోళ్ళకు, గోళ్ళ నుంచి పెరట్లో కూరగాయలు పెంచడానికి వెళ్ళాడు. ప్రతి మలుపులోనూ ఒకసారి తలుపు వైపు చూశాడు. ఆయనకు బళ్ళారి వాళ్ళు ఎంతటి జ్ఞానదాహం గలవాళ్ళో అనిపించి ఉండాలి.

తలుపు దగ్గర భట్టరు అల్లాడిపోతున్నాడు. వంగి నా చెవిలో అన్నాడు: "ఏన్ స్వామీ, మేష్ట్రు నిద్రపోయినారా?"

"లేదు. తపస్సు చేస్తాండారు."

"పాలు మళ్ళా మళ్ళా కాస్తాండా. గడ్డకట్టి కోవా అయితాండాది."

సభ్యుల్లో ఒక డాక్టరు గారున్నారు, ఆ వేళకు రోగులు ఆయన గుమ్మంలో కూర్చుని ఉంటారు. ఆయన మేష్ట్రు వైపు చూసి గట్టిగా దగ్గాడు. సావుకారు తన కళ్ళద్దాలు తీసి, భట్టరుకు కనపడేలా ఎత్తి పట్టుకుని తుడిచాడు. భట్టరు కదల్లేదు. ఆయన తుడిస్తే లెక్కలోకి రాదు. అద్దాలే లేని బట్టల వ్యాపారి ఒకాయన గాల్లో తుడిచి చూపించాడు. అదీ చెల్లలేదు. మేష్ట్రు మాత్రం, చెమటతో ఆవిరి పట్టిన అద్దాల వెనక నుంచి, చేతులు తొడల కింద నుంచి తియ్యకుండా, ఆఫీసరు ఉన్నాడనుకున్న దిక్కుకు చూస్తున్నాడు.

ఆఫీసరు మళ్ళీ క్రమశిక్షణకు వచ్చాడు. అది కూడా అయిపోయింది. గొంతు బొంగురుపోయింది. ఇక చెప్పడానికి ప్రభుత్వం వారిది ఏమీ మిగల్లేదు. అప్పుడాయన, నేల వైపు కాదు, పైకప్పు వైపు కాదు, మా మొహాల్లోకి చూస్తూ, తన సొంత మాటలు చెప్పడం మొదలుపెట్టాడు.

తను చదివిన ఊళ్ళో బడి వేరే భాషలో ఉండేదట. తల్లి మాట్లాడే భాష చెప్పే పంతులు ఒక్కడే. ఆయన్ని ఒకరోజు ఎక్కడికో బదిలీ చేశారట. ఆ తరవాత తను అక్షరాలు మరిచిపోకుండా ఉండటానికి సంత రోజున పక్క ఊరికి నడిచివెళ్ళి, తమ భాషలో ఉన్న దుకాణాల బోర్డులు చదువుకుని వచ్చేవాడట. "ఇప్పటికీ ఏ ఊరెళ్ళినా ముందు బోర్డులే చదువుతాను" అని నవ్వబోయాడు.

డాక్టరు దగ్గు మానేశాడు. సావుకారు చేతిలో అద్దాలు అట్లాగే ఉండిపోయాయి. అందరూ ఒకేసారి మేష్ట్రు వైపు తిరిగారు. ఇంతటి అదను నేను కోర్టులో ఏ జడ్జిగారి దగ్గరా, ఏ కేసులోనూ చూడలేదు.

"ఎవరైనా..." అన్నాడు ఆఫీసరు. "ఏదైనా అడుగుతారా?" అది ఆహ్వానంలా లేదు, నీళ్ళలో పడ్డవాడు చెయ్యి చాచినట్టుంది.

మేష్ట్రు లేచాడు.

కోటు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పెదవులు కదిలాయి, మొదటి వాక్యం పెదవుల దాకా వచ్చిందని మా ప్లీడరు తరవాత ప్రమాణం చేసి చెప్పాడు. ఎదురుగా మనిషి మసగ్గా ఉన్నాడు. ఇంత ముఖ్యమైన మాట మసగ్గా ఉన్న మనిషితో చెప్పడమెట్లా? మేష్ట్రు కళ్ళద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచాడు.

తుంగభద్ర గేట్లు ఎత్తినట్టు వచ్చింది కాఫీ. భట్టరు ముందు, ఆయన వెనక సర్వర్లు, గలగలమంటూ లోటాలు, పొగలు, చక్కెర వేరే కావాలా అనే కేకలు. ఆఫీసరు రెండు చేతులూ చాచి మొదటి లోటా అందుకున్నాడు. అంత ఆత్రంగా కాఫీ అందుకున్న ప్రభుత్వోద్యోగిని నేను మళ్ళీ చూడలేదు.

"అడుగు మేష్ట్రే! అడుగు!" ప్లీడరు పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

మేష్ట్రు అద్దాలు పెట్టుకున్నాడు. ఇప్పుడు అంతా స్పష్టంగా కనపడింది: ఆఫీసరు, లోటాలు, పొగ. నెమ్మదిగా కూర్చున్నాడు.

"కాఫీ వచ్చేసింది కదప్పా" అన్నాడు.

"వస్తే ఏమాయ?"

"వచ్చినాంక మాట్లాడకూడదు."

"అది గెస్టులకు మేష్ట్రే! నీకు కాదు!"

"నేను తుడిస్తేనే కదప్పా వచ్చింది."

ప్లీడరు తన కాఫీ లోటా అందుకున్నాడు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఆయన ఓడిన సందర్భాలు తక్కువ. నేను పక్కనే ఉండి ఒకటి చూశాను.

ఆఫీసరు ఇంకో లోటా తాగి, సావుకారుతో మెట్లు దిగుతూ, ఈ కాఫీ ఎవరు పంపిస్తారని అడిగాడట. సావుకారు వెనక్కి తిరిగి మేష్ట్రును చూపించాడు. ఆఫీసరు మెట్ల మధ్యలో ఆగి, మేష్ట్రుకు చేతులెత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

దాని మీద కింద హోటల్లో పెద్ద చర్చ జరిగింది.

"నమస్కారం పెట్టినాడంటే మంచిదే" అన్నాడు సావుకారు.

"పోయేటప్పుడు పెట్టే నమస్కారం వేరే ఉంటుంది" అన్నాడు డాక్టరు. ఆయనకు ఆ విషయంలో అనుభవం ఉంది.

"మేష్ట్రే, ఎట్ల పెట్టినాడు?"

"రెండు చేతులతో పెట్టినాడప్పా."

సోమవారం ఇన్‌స్పెక్షను అయింది. ఆఫీసరు ఎవరితోనూ ఏమీ అనకుండా రైలెక్కాడు. ఉత్తర్వు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో మేష్ట్రు బడిలో ఒక పనిచేశాడు. పద్యాలకు అర్థం చెప్పడం ఆపేశాడు. పుస్తకం చివరిదాకా రాగం మాత్రం నేర్పించడం మొదలుపెట్టాడు. అటుగా పోతుంటే గోడ అవతల నుంచి పిల్లల గొంతులు వినిపించేవి, ఒక పద్యం మీద ఒక పద్యం, ఆగకుండా. ఇదేంది మేష్ట్రే అంటే, "అర్థం తరవాత ఎవురైనా చెప్తారప్పా. పుస్తకంలో ఉండాది. రాగం యాడుండాది?" అన్నాడు.



ఉత్తర్వు వచ్చింది. తెలుగు సెక్షను కొనసాగుతుంది, అయ్యవారు కొనసాగుతారు. ఆ ఆదివారం భట్టరు కేసరిబాత్ చేశాడు. ప్రతివాడూ విజయం తనదేనన్నాడు. సావుకారు తన టిఫిను పలికిందన్నాడు. డాక్టరు, ప్రాణాపాయంలో ఉన్నవాడికి కాఫీ ఇచ్చి బతికిస్తే ఆ మేలు మరిచిపోతాడా అన్నాడు. మా ప్లీడరు, అడగని విన్నపానికి ఉన్న బలం అడిగిన విన్నపానికి ఉండదని, దానికి ఏదో హైకోర్టు తీర్పు కూడా ఉందన్నాడు. నేను నాలో నేను ఇంకో కథ అల్లుకున్నాను: సంత బోర్డులు చదివిన ఆ కుర్రవాడు, బదిలీ అయిపోయిన ఆ పంతులు, ఇన్నేళ్ళకు మెట్ల మధ్యలో ఆగి పెట్టిన ఆ నమస్కారం. చాలా బాగా కుదిరింది. మేష్ట్రును అడిగితే "కానీప్పా" అని బజ్జీ తీసుకున్నాడు.

తరవాత ఆయన రిటైరై ఆదోనిలో కూతురి దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళ కిందట అక్కడే పోయాడట. భట్టరు చెబితే తెలిసింది.

నా కథ మాత్రం అంతకాలం బతకలేదు. ఉత్తర్వు వచ్చిన కొన్నాళ్ళకే హైస్కూలు గుమాస్తా ఒకాయన పొలం తగాదా మీద మా ప్లీడరు దగ్గరికి వచ్చాడు. మాటల్లో సెక్షను సంగతి అడిగాను.

"అదా? కాలువ కింద వరి పెట్టుకోను కృష్ణా, గుంటూరు తట్టునించి వచ్చినారు చూడు, సిరుగుప్ప రోడ్డు క్యాంపులోల్లు. వాళ్ళ పిల్లోల్లు మన బళ్ళోనే చేరిండారు. కానీ బస్సు లేటు. హాజరు పిలిచినాంక దిగుతాండిరి. అందరికీ ఆబ్సెంటే. ఆఫీసరు వచ్చే ముందు వారమే బస్సు టైము మార్చినారు. సోమవారం గంట కొట్టేసరికి అందరూ బెంచీల మింద ఉండారు. ఆయప్ప తలకాయలు లెక్కపెట్టుకున్నాడు, సరిపోయినాయి, పోయినాడు."

"మరి ఆదివారం మా క్లబ్బులో..."

"క్లబ్బా? యా క్లబ్బు?"

క్యాంపు పిల్లల ఆ బస్సు ఇప్పటికీ తొమ్మిదింటికే, బడి గంటకు ముందే వస్తుంది. ఆదివారాలు రాదు.